వంతెన దాటుతున్నాం, ఫాయ్

నా భర్త థవిన్ పదకొండేళ్ళు వ్యాను నడిపాడు. బ్యాంకాక్‌లో అందరూ చూసే బంగారు గోపురాల వైపు ఒక్కసారి కూడా బండి తిప్పలేదు. "అవి చూపించడానికి ఊరంతా ఉంది, మళ్ళీ నేనెందుకు?" అనేవాడు. ఆదివారం పొద్దున థోన్‌బురిలో మా సందు చివర పన్నెండు మందిని ఎక్కించుకుని, సాయంత్రం చీకటి పడకముందే అక్కడే దించేవాడు. మధ్యలో చూపించేవి ఉప్పు మడులు, కొబ్బరి కల్లు కాచి బెల్లం చేసే పాకలు, రొయ్యపొట్టు ఎండబెట్టే రేవులు, చనిపోయినవాళ్ళ కోసం కాగితంతో మేడలూ కార్లూ చేసే చీనావాళ్ళ దుకాణం.

"ఉప్పు చూడ్డానికి ఎవరైనా డబ్బులిస్తారా?" అని మొదట్లో నేను నవ్వేదాన్ని. ఇచ్చారు. ఆఫీసుల్లో పనిచేసే మా ఊరి పిల్లలూ ఇచ్చారు, ఎక్కడెక్కడి దేశాల నుంచో వీపు సంచులతో వచ్చినవాళ్ళూ ఇచ్చారు. రెండు నెలల ముందే సీట్లు నిండిపోయేవి.

నా పేరు సంగ్వియన్. తెల్లవారకముందే లేచి జిగురుబియ్యం ఆవిరి మీద ఉడికించి, పందిమాంసం పుల్లలకి గుచ్చి కాల్చి, అరిటాకుల్లో పొట్లాలు కట్టడం నా పని. ఫోన్లు ఎత్తడం, కాగితం మీద పేర్లు రాయడం కూడా నేనే. థవిన్‌కి రాత కుదరదు. మాటలు మాత్రం కావలసినన్ని వచ్చు.

వచ్చినవాళ్ళకి అన్నిటికంటే నచ్చేది ఇసుక దిబ్బ. మేక్లోంగ్ నది సముద్రంలో కలిసే చోట, ఆటు సమయంలో ఓ మూడు గంటలు పైకి తేలే నేల అది. రేవు నుంచి పడవలో వెళ్ళాలి. అక్కడ ఇసుకలో వేలెడు పొడుగున్న గుల్లలు నిలువుగా దాక్కుని ఉంటాయి. చిన్న కన్నం కనిపించగానే సున్నంలో ముంచిన పుల్ల అందులో దించితే, మంటకి తాళలేక గుల్ల పైకి తన్నుకొస్తుంది. అప్పుడు చప్పున పట్టుకోవాలి. పెద్ద పెద్ద ఉద్యోగస్తులు ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడిచి పసిపిల్లల్లా కేకలు పెట్టేవాళ్ళు. పోటు మొదలైతే మాత్రం నీళ్ళు ఒకవైపు నుంచి రావు. ముందుగా వెనకనున్న పాయ నిండుతుంది. దిబ్బ మీదున్నవాడికి ఎదురుగా సముద్రం దూరంగానే కనిపిస్తుంటుంది, ఈలోగా వెనక దారి పోతుంది. అందుకే థవిన్ ఆటుపోట్ల పట్టిక గోడకి తగిలించుకుని, వారం మొదట్లోనే ఆదివారం గంటలు చూసి పెట్టుకునేవాడు.

పదకొండో ఏడాది మే నెల మొదటి ఆదివారం. దారిలో బెల్లం పాక మా మేనమామది. "ఈసారైనా ఓ అరగంట కూర్చుని రా, లేకపోతే నా మీద పడి ఏడుస్తాడు," అని నేనే చెప్పి పంపాను. మామయ్య ఊరికే వదలలేదు. కొత్త వాయి దింపేదాకా ఉండమన్నాడు, వేడి బెల్లం ఆకుల్లో పెట్టి అందరికీ పంచాడు. అలా రేవుకి చేరేసరికి గంట ఆలస్యమైంది.

రేవులో పడవవాడు ప్లియన్ ఆకాశం చూసి పెదవి విరిచాడట. "ఇవాళ వద్దులే అన్నా. మబ్బు పట్టేలా ఉంది. పోటుకి కూడా ఎంతో టైము లేదు."

"వీళ్ళు వచ్చిందే దీనికోసం. అరగంట చాలు, తీసుకుపోయి తెచ్చెయ్యడమే."

"నీ అరగంటలు నాకు తెలీవా!"

రెండు పడవలు కట్టారు. ఒకటి ప్లియన్‌ది, రెండోది వాడి బావమరిదిది. అరగంట కాస్తా ముప్పావుగంట అయింది. అప్పుడు వాన కొట్టింది. మే నెల వాన గురించి చెప్పేదేముంది, పది అడుగుల దూరంలో మనిషి ఆనడు. గాలికి గొడుగులు విరిగాయి. "ఏ పడవ దగ్గరుంటే ఆ పడవ ఎక్కండి!" అని థవిన్ అరిచాడు. ఎక్కారు. మొదటి పడవలో థవిన్ ఉన్నాడు. తన పడవలో లేనివాళ్ళు రెండో దాంట్లో ఉన్నారనుకున్నాడు. రెండో పడవవాడు మొదటి దాంట్లో ఉన్నారనుకున్నాడు. రేవులో దిగాక లెక్కపెడితే పదకొండు మంది.

థవిన్ నాకు ఫోను చేసినప్పుడు నేను వంటింట్లో గిన్నెలు బోర్లిస్తున్నాను.

"వియన్, ఒక మనిషి తక్కువ."

"సరిగ్గా చూడు. ఏ మరుగుదొడ్డికో వెళ్ళుంటారు."

"చూశాను. ఆ అమ్మాయి లేదు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి. ప్లియన్ వెనక్కి వెళ్ళాడు. ఇంకో నాలుగు పడవలు కూడా వెళ్ళాయి. పాయ నిండిపోయింది వియన్, దిబ్బ కనబడ్డం లేదంట!"

"దిబ్బ మీద లెక్కపెట్టలేదా నువ్వు?"

"వాన…"

"పిలవలేదా?"

"ఎవర్ని పిలవను? లేదని తెలిస్తే కదా పిలిచేది!"

ఆ క్షణం నా మనసులో ఏమేం తిరిగాయో ఇప్పుడు చెప్పుకుంటే నాకే సిగ్గుగా ఉంది. వ్యాను కనిపించింది, జైలు కనిపించింది, పదకొండేళ్ళ పేరు కనిపించింది. ఆ అమ్మాయి కనిపించలేదు.

"ఇదిగో విను," అన్నాను. "ఎవరడిగినా పిలిచానని చెప్పు. మూడుసార్లు గట్టిగా పిలిచాను, వినకుండా దూరంగా వెళ్ళిపోయింది, రెండో పడవ ఎక్కిందనుకున్నాను అని చెప్పు. ఇంకో మాట మాట్లాడకు."

అప్పటికి ఆ పిల్ల ప్రాణంతోనే ఉండొచ్చు. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉండొచ్చు. నేను మాత్రం వంటింట్లో నిలబడి ఆమె మీద నేరం అల్లుతున్నాను.

మరునాడు మధ్యాహ్నం, ఆలిచిప్పల కోసం సముద్రంలో పాతిన వెదురు గుంజల మధ్య దొరికింది. పోలీసులు థవిన్ చెప్పింది రాసుకున్నారు. మిగతా ప్రయాణికులు "వానలో ఏమీ వినబడలేదు" అన్నారు. వినబడలేదన్న మాట పిలిచాడన్నదానికి అడ్డు రాలేదు. ప్రమాదం అని తేల్చేశారు.

అమ్మాయి పేరు నా కాగితంలో ఓనుమా. ఇరవై నాలుగేళ్ళు. చొక్కాలు కుట్టే కంపెనీలో లెక్కలు చూసేది. తల్లి థోంగ్‌యూ, మాకు రెండు సందుల అవతల రేవు మెట్ల దగ్గర గుంటల పెనం మీద కొబ్బరిపాల పొంగనాలు పోసి అమ్ముతుంది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పెనం ముందు నేను ఎన్నోసార్లు నిలబడ్డాను, ఆమె ఎవరి తల్లో తెలియకుండానే.

గుడిలో దహనానికి ముందు మూడు రోజులు భిక్షువులు మంత్రాలు చదివారు. మేమిద్దరం నల్లబట్టలు వేసుకుని వెనక వరసలో కూర్చున్నాం. మూడో రోజు థోంగ్‌యూ మా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"తమ్ముడూ, నా పిల్ల నీ మాట వినక నీకింత తంటా తెచ్చిపెట్టింది. మనసులో పెట్టుకోకు," అంది. తర్వాత పక్కనున్నవాళ్ళకి వినబడేలా, "చిన్నప్పట్నుంచీ అంతే. పిలిస్తే పలికేది కాదు. మొండిఘటం. చెప్పుతో కొట్టినా మారలేదు. చూడండి, ఆఖరికి ఎక్కడికి తెచ్చుకుందో," అంది.

నేను ఆవిడ చేతులు పట్టుకుని, "ఊరుకో అక్కా," అన్నాను. నా చేతులు చల్లగా ఉన్నాయని ఆవిడే నా వేళ్ళు రుద్దింది.

ఆ తర్వాత థవిన్ వ్యాను తీయలేదు. సగం తిన్న అన్నం వదిలేసి లేచిపోయేవాడు. "చెప్పేస్తాను వియన్," అనేవాడు. "చెప్తే పిల్ల తిరిగొస్తుందా?" అని నేను నోరు నొక్కేదాన్ని.

మూడు వారాలకి థోంగ్‌యూ మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"కల్లోకి వస్తోంది. రోజూ. తడిబట్టలతో గుమ్మం బయట నిలబడుతుంది. లోపలికి రావే అంటే, దారి తెలీడం లేదమ్మా అంటుంది. దేహాన్ని తెచ్చుకున్నాం కానీ దాన్ని తెచ్చుకోలేదు. ఆ నీళ్ళ దగ్గరే ఉండిపోయింది. పిలిచి తీసుకొచ్చుకోవాలి."

"అలాగే అక్కా," అన్నాను. "గుడిలో స్వామిని అడుగుదాం. బండి కూడా నేనే మాట్లాడతాను."

"వేరే బండి వద్దు. అది ఎక్కి వెళ్ళిన బండే కావాలి. వెళ్ళిన దారే కావాలి. తమ్ముడే నడపాలి. అదెక్కడ కూర్చుందో ఆ సీటు ఖాళీగా ఉంచాలి. తెలిసిన బండైతే ఎక్కుతుంది, తెలీనిదైతే భయపడుతుంది." థవిన్ వైపు తిరిగింది. "నీకు కష్టమని తెలుసు తమ్ముడూ. కాదనకు."

థవిన్ కాదనలేదు.

బుధవారం పొద్దున బయలుదేరాం. గుడి నుంచి వచ్చిన భిక్షుస్వామి ముందు సీట్లో, థవిన్ పక్కన. వెనక నేనూ థోంగ్‌యూ. కిటికీ పక్క సీట్లో ఒక పళ్ళెం. అందులో ఆ అమ్మాయి నీలం చొక్కా మడత, దువ్వెన, అన్నం ముద్ద, ఉడికించిన గుడ్డు, అగరొత్తులు, తెల్లదారం ఉండ, ఫొటో. ఫొటోలో ఏదో పెళ్ళిలో నవ్వుతోంది. దారి పొడవునా థోంగ్‌యూ కిటికీలోంచి చూస్తూ ప్రతిదీ అడిగింది. "ఉప్పు మడులు ఇవేనా? ఇక్కడ దిగారా? ఎంతసేపు?" థవిన్ ఒక్కో ముక్కలో జవాబిచ్చాడు. బెల్లం పాక ముందు మా మామయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మేము ఆగలేదు.

రేవులో ప్లియన్ పడవ సిద్ధంగా పెట్టాడు. దిబ్బ తేలి ఉంది. చుట్టూ నీళ్ళు నీలంగా, శుభ్రంగా, ఏమీ జరగనట్టు ఉన్నాయి. ఆదివారం కాదు కాబట్టి మనుషులు లేరు. దూరంగా ఇద్దరు ఆడవాళ్ళు వంగి గుల్లలు ఏరుకుంటున్నారు. మమ్మల్నీ స్వామినీ చూసి వాళ్ళు బుట్టలు దించి చేతులు జోడించారు.

తడి ఇసుక మీద చాప వేసి పళ్ళెం పెట్టాం. స్వామి దారం ఒక కొస పళ్ళేనికి చుట్టి రెండో కొస చేత్తో పట్టుకుని మంత్రాలు చదివాడు. అగరొత్తులు గాలికి ఆరిపోతుంటే నేను మళ్ళీ మళ్ళీ వెలిగించాను. చదవడం అయ్యాక, "పిలువు తల్లీ," అన్నాడు.

థోంగ్‌యూ నీటి అంచుకి వెళ్ళి నిలబడింది.

"గంగమ్మ తల్లీ, నా పిల్లని పెట్టుకున్నది చాలు. వదిలిపెట్టు. ఫాయ్! అమ్మని వచ్చానే. ఇంటికి పోదాం రా. నీ చొక్కా తెచ్చాను. నువ్వొచ్చిన బండే తెచ్చాను. ఫాయ్!"

అంతవరకూ ఆ పేరు నేను వినలేదు. ఫాయ్ అంటే మాలో పత్తి. పుట్టినప్పుడు ఎంత తేలిగ్గా ఉందో, ఆ పేరు పెట్టి ఉంటారు.

స్వామి రెండు నాణేలు ఇచ్చాడు. పళ్ళెంలో వేస్తే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడాలి. అప్పుడు వచ్చినట్టు. రెండూ బొమ్మ పడ్డాయి. మళ్ళీ పిలిచింది, మళ్ళీ వేసింది. రెండూ బొరుసు. మూడోసారి పిలిచేసరికి గొంతు చీరుకుపోయింది. మళ్ళీ రెండూ బొరుసే.

"చూశారా స్వామీ, చెప్పలా నేను! మొండిది. తల్లి పిలిచినా అంతే, యముడు పిలిచినా అంతే." ఏడుపు, కోపం కలిసిన గొంతు. అటూ ఇటూ చూసి థవిన్‌ని పిలిచింది. "తమ్ముడూ, ఇలా రా. ఆఖరికి దాన్ని పిలిచింది నువ్వు. ఆ రోజు ఎక్కడ నిలబడ్డావో అక్కడ నిలబడి, అప్పుడెలా పిలిచావో అలాగే పిలువు."

థవిన్ చాప అంచు దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఏమని పిలిచావు?"

"ఓనుమా అని," అన్నాడు, నోట్లోనే.

"ఓనుమానా?" థోంగ్‌యూ ఆగిపోయింది. తర్వాత ఆవిడ ముఖం మారడం నేను చూశాను. మూడు వారాల్లో మొదటిసారి అందులోకి వెలుగు వచ్చింది. "అదయ్యా సంగతి! అది బడిపేరు! ఇంట్లో కానీ పనిలో కానీ దాన్ని ఎవరూ అలా పిలవరు. ఫాయ్ అంటే తప్ప తల తిప్పదు. వానలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుని ఉంటుంది నా తల్లి. వినక కాదు స్వామీ! దాని తప్పు కాదు! విన్నావా చెల్లీ, నా పిల్ల తప్పు కాదు!" నా భుజం పట్టుకుని ఊపింది. "ఫాయ్ అని పిలువు తమ్ముడూ. ఇప్పుడు వస్తుంది, చూడు."

థవిన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అతని ప్యాంటు చుట్టూ నీరు ఊరింది.

"నేను పిలవలేదక్కా."

"ఆఁ?"

"ఏ పేరుతోనూ పిలవలేదు. అబద్ధం చెప్పాను. వాన వచ్చింది, అందర్నీ ఎక్కమన్నాను, లెక్కపెట్టలేదు. రెండో పడవలో ఉందనుకున్నాను. రేవుకొచ్చేదాకా తను లేదని నాకు తెలీదు."

స్వామి చేతిలో దారం అలాగే ఉంది. థోంగ్‌యూ థవిన్ వైపు ఒక అడుగు వేసింది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు.

"అయితే అది ఎక్కడికీ వెళ్ళిపోలేదు."

"లేదక్కా. వెళ్ళడం నేను చూడలేదు."

"పడవలు వెళ్తుంటే చూసి ఉంటుందా?"

థవిన్ తడి ఇసుకలో రెండు చేతులూ ఆనించాడు.

"చూసి ఉంటే పిలిచి ఉంటుంది," అంది థోంగ్‌యూ. "అయితే పిలిచింది అదన్నమాట. వినబడనిది మీకన్నమాట."

ఆ మాట చాలా నెమ్మదిగా అంది, ఎవరి మీదా వేసినట్టు కాకుండా, తనకి తను అర్థం చేసుకుంటున్నట్టు. తర్వాత మళ్ళీ నీటివైపు తిరిగింది. ఈసారి కేక వేయలేదు. పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఫాయ్, నిన్ను మొండిదానివన్నానే. గుడిలో అందరి ముందూ అన్నాను. నీ ఫొటో ముందు కూర్చుని రోజూ తిట్టాను. నీకెంత కష్టంగా ఉంటే ఇంటికి రానన్నావో. పద తల్లీ. అమ్మది తప్పు. పద."

వంగి పళ్ళెం చేతుల్లోకి తీసుకుంది. స్వామి నాణేలు చూపించాడు.

"వద్దు స్వామీ. దాన్ని ఇంక ఏమీ అడగొద్దు."

"అక్కా, పాయలో నీళ్ళు కదుల్తున్నాయి," అని ప్లియన్ పడవలోంచి అన్నాడు. లేచి వెళ్ళాం. థవిన్‌ని నేనే రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చింది.

తిరుగు దారిలో థోంగ్‌యూ పళ్ళేన్ని కిటికీ పక్క సీట్లో పెట్టి, పడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చనిపోయినవాళ్ళని ఇంటికి తెచ్చేటప్పుడు నీళ్ళు దాటే ప్రతి చోటా చెప్పాలి. చెప్పకపోతే అక్కడే ఆగిపోతారు. మొదటి కాలవ దగ్గర ఆవిడ నోరు తెరిచింది, మాట రాలేదు. దిబ్బ మీదే గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా నాతో, "నువ్వు చెప్పు," అంది.

నేను చెప్పాను. "ఫాయ్, వంతెన దాటుతున్నాం. రామ్మా."

మా దక్షిణపు రోడ్డు మీద ఎన్ని కాలవలున్నాయో ఆ రోజు తెలిసింది. కొన్ని అంత చిన్నవి, వాటి మీద వంతెన ఉందని అన్నేళ్ళూ ఆ దారిలో పోయినా నేను గమనించలేదు. థోంగ్‌యూ అన్నీ గమనించింది. వంతెన వచ్చే ముందు నా మోచెయ్యి తాకేది. "ఫాయ్, వంతెన దాటుతున్నాం, రామ్మా." "ఇదింకోటి ఫాయ్, మాతోనే ఉండు." ఏ అమ్మాయిని నా నోటితో దోషిని చేశానో, ఆ అమ్మాయిని అదే నోటితో బుజ్జగించి ఇంటికి రమ్మంటున్నాను. ఆరోదో ఏడోదో దాటాక ఆవిడ వైపు తిరిగాను.

"అక్కా," అన్నాను. "ఆయన పిలిచాడని చెప్పమంది నేను. ఫోనులో నేనే చెప్పించాను. తనంతట తనకి ఆ అబద్ధం తోచలేదు."

అద్దంలో థవిన్ కళ్ళు ఒక్కసారి నా వైపు లేచి మళ్ళీ రోడ్డు మీదకి పోయాయి. స్వామి ముందుకే చూస్తున్నాడు. థోంగ్‌యూ నా ముఖం చూడలేదు. ఆవిడ చెయ్యి పళ్ళెం అంచు మీదే ఉంది.

"పెద్ద వంతెన ఎంత దూరం?" అని అడిగింది గుసగుసగా.

"వచ్చేస్తోంది."

"అక్కడ గట్టిగా చెప్పు. నది పెద్దది. భయపడుతుంది."

థా చీన్ నది మీద వ్యాను నెమ్మదిగా ఎక్కింది. కింద చేపల పడవలు వరసగా ఉన్నాయి. నేను గట్టిగా చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

ఇంటి గుమ్మం ముందు థోంగ్‌యూ పళ్ళెంతో దిగి, "లోపలికి రా," అని చెప్పి, తను ముందు పోకుండా పక్కకి తప్పుకుని కాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మరునాడు థవిన్ పోలీసు స్టేషనుకి వెళ్ళి వేరే మాట రాయించాడు. నేనూ వెళ్ళాను. నేను చెప్పింది రాసుకున్నారు కానీ నా మీద ఏ కేసూ పెట్టలేదు. ఎనిమిది నెలలకి కోర్టు రెండేళ్ళ శిక్ష వేసి, తప్పు తనే ఒప్పుకున్నాడు కాబట్టి జైలుకి పంపకుండా ఆపింది. లైసెన్సు పోయింది. వ్యాను అమ్మేసి ఆ డబ్బు కోర్టు ద్వారా థోంగ్‌యూకి కట్టాం. ఆవిడ అది గుడికి ఇచ్చేసిందని విన్నాం. థవిన్ ఇప్పుడు ఐసు మిల్లులో దిమ్మెలు కోస్తాడు. నేను మూడిళ్ళలో వంట చేస్తాను.

తీర్పు వచ్చిన కొత్తలో థవిన్ గుండు చేయించుకుని భిక్షువుగా మూడు నెలలు గుళ్ళో ఉంటాననుకున్నాడు. ఆ పుణ్యం ఆ అమ్మాయికి ధారపోయాలని. మాలో అలా చేస్తారు. అడగడానికి రేవు మెట్ల దగ్గరికి వెళ్ళాడు. థోంగ్‌యూ పెనంలో పిండి పోస్తూ విన్నది.

"వద్దు," అంది. "నువ్వు ఆ బట్ట కట్టుకుంటే పొద్దున్నే నా ముందు నుంచి భిక్షకి వస్తావు. నేను వంగి నీకు దణ్ణం పెట్టాలి. నా చేత అది కూడా చేయిస్తావా?"

పొంగనాల కోసం నిలబడ్డవాళ్ళంతా విన్నారు. థవిన్ తిరిగి వచ్చేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వానలు వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఆవిడే మా ఇంటికి వచ్చింది. థవిన్ మిల్లు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చేతులు ఐసుకి పగిలి ఉన్నాయి. ఆవిడ చాప మీద కూర్చుని, ఎదురుగా ఉన్న చోటు చూపించింది.

"కూర్చో. ఆ రోజు సంగతి చెప్పు. పొద్దున్నుంచి."

"అక్కా…"

"నాతో పొంగనాలు తిని ఆరింటికి బయటికి పోయింది. మళ్ళీ నా దగ్గరికి వచ్చింది నీళ్ళు కారుతూ. మధ్యలో నా పిల్ల ఏం చేసిందో నాకెవరూ చెప్పలేదు. నీకు తెలుసు. చెప్పు."

థవిన్ మొదలుపెట్టాడు. అందరికంటే ముందు వచ్చింది ఆ అమ్మాయేనని చెప్పాడు. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోమంటే, "నిజంగానా?" అని అడిగి కిటికీ పక్కన కూర్చుందని చెప్పాడు. ఉప్పు మడుల దగ్గర ఒక స్ఫటికం నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుందని, ఇంకొన్ని చేతిరుమాల్లో మూట కట్టుకుని, "మా అమ్మ పిండిలో వేస్తే ఎలా ఉంటుందో చూడాలి," అందని చెప్పాడు.

థోంగ్‌యూ కళ్ళు మూసుకుంది. "ఇంకా?"

బెల్లం పాకలో మా మామయ్య, "ఏమ్మా, మా ఊరి కోడలిగా ఉండిపోరాదూ? పెళ్ళికొడుకులు చెట్టుకొకడున్నారు," అంటే, "వాళ్ళని చెట్టు దిగమనండి, ఆలోచిస్తాను," అందట. అందరూ నవ్వారట. వేడి బెల్లం తొందరపడి తిని వేలు కాల్చుకుందట.

"ఏ వేలు?"

థవిన్ ఆలోచించాడు. "కుడి చేతి చూపుడువేలు."

"అన్నం తిన్నదా?"

"తిన్నది. సంగ్వియన్ కట్టిన పొట్లం. ఒక పుల్ల ఎవరికో ఇచ్చేసింది, తక్కువైందన్నారని. పడవలో ముందు కూర్చుని చెయ్యి నీళ్ళలో పెట్టింది. దిబ్బ మీద మొదటి గుల్ల తన్నుకొచ్చినప్పుడు కెవ్వుమని వెనక్కి పడింది. ప్యాంటంతా ఇసుక. నవ్వుతూనే ఉంది. తర్వాత బుట్ట తీసుకుని దూరంగా, ఇంకా ఎక్కువ దొరుకుతాయని అటువైపు… అప్పుడు వాన…"

థోంగ్‌యూ చెయ్యి ఎత్తింది. "చాలు. అక్కణ్ణుంచి నాకు తెలుసు."

లేచి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ పైన నెలకోసారి వస్తోంది. అదే చోట కూర్చుంటుంది, "పొద్దున్నుంచి చెప్పు," అంటుంది. థవిన్ చెప్తాడు. ఏదైనా వదిలేస్తే ఆవిడే ఆపి గుర్తు చేస్తుంది. కొన్నిసార్లు అతనికి కొత్తగా ఏదో గుర్తొస్తుంది, జుట్టుకి కట్టుకున్న రిబ్బను రంగో, ఎవరి పసిబిడ్డనో ఎత్తుకుందనో. ఆ రోజు ఆవిడ ఇంకాసేపు కూర్చుంటుంది. నేను మంచినీళ్ళు తెచ్చి పెడతాను. ఆవిడ వెళ్ళాక ముట్టని ఆ నీళ్ళు తీసి పారబోస్తాను. పెద్ద వంతెన దాటినప్పటి నుంచి నాతో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.